ఆరు తీగల బేస్: ఫొడెరా మీద మోజు, జేబు మీద లెక్క

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో తయారయ్యే ఫొడెరా ఆరు తీగల బేస్ గిటార్‌ని మన కోరిక మేరకు చేయించుకుంటే ధర 10,000 డాలర్లు దాటిపోతుంది. పైచెక్కకి ఏ కలప, లోపల ఏ ఎలక్ట్రానిక్స్ అని ఒక్కొక్కటీ ఎంచుకుంటూ పోతే ఇంకా పైకి పోతుంది. ఐబనేజ్ సంస్థ చేసే ఎస్ఆర్ 506ఈ అమెరికాలో 1,000 డాలర్లకి అటూ ఇటూగా దొరుకుతుంది. దీనికీ ఆరే తీగలు, శ్రుతీ అదే. మరి పదింతల తేడా దేనికి? ఇప్పటికే నాలుగో అయిదో తీగల బేస్ వాయిస్తూ, అర్ధరాత్రి వీడియోల్లో సీతాకోకచిలుక గుర్తున్న ఆ ఫొడెరా హెడ్‌స్టాక్‌ని (తీగలు బిగించే తల భాగాన్ని) చూసి నిట్టూర్చేవాళ్లకి ఈ ప్రశ్న అవసరం.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఆరు తీగలు కావాలనుకునేవాళ్లలో చాలామందికి నిజానికి కావలసింది అయిదు. ఆరూ కావలసినవాళ్లు కూడా మొదటి వాద్యంగా ఫొడెరా కొనకూడదు. డబ్బు ఒక కారణమే గానీ, అసలు కారణం కొలతలు. మీ చేతికి ఏ కొలత నప్పుతుందో తెలియకుండా చేయించుకున్న ఖరీదైన వాద్యం మీకు నప్పకపోవచ్చు. ఆ కొలతేదో చౌక వాద్యం మీద ఏడాది వాయిస్తే గానీ తెలియదు.

ఇది ఎక్కడ మొదలైంది

ఈ వాద్యం వెనక ఆంథొనీ జాక్సన్ పట్టుదల ఉంది. న్యూయార్క్ స్టూడియోల్లో పేరున్న బేస్ వాద్యకారుడు. గిటార్ కుటుంబంలో పుట్టిన వాద్యానికి నాలుగే తీగలెందుకు ఉండాలన్నది ఆయన వాదన. 1970ల మధ్యలో వాద్యాలు తయారుచేసే కార్ల్ థాంప్సన్ చేత ఆరు తీగల వాద్యం చేయించుకుని, దానికి కాంట్రాబేస్ గిటార్ అని పేరు పెట్టుకున్నారు. ఆ తొలి వాద్యం ఆయనకి తృప్తినివ్వలేదు. తీగల మధ్య ఎడం ఇరుకైపోయిందన్నది ఆయన ఫిర్యాదు. తర్వాత వేరే తయారీదారుల దగ్గర తిరిగి తిరిగి, చివరికి ఫొడెరా దగ్గర స్థిరపడ్డారు. 1983లో విన్నీ ఫొడెరా, జోయ్ లారిచెల్లా కలిసి పెట్టిన సంస్థ అది. జాక్సన్ పేరు మీద అక్కడ తయారైన మోడల్ స్కేల్ పొడవు, అంటే తీగలో మోగే భాగం పొడవు, 36 అంగుళాలు. అంటే ఈ కలకి మూలపురుషుడికే తన కొలత దొరకడానికి ఏళ్లు పట్టింది. మనం ఒక్క వీడియో చూసి నిర్ణయించేసుకుంటున్నాం.

ఇక్కడే ఇంకో ముచ్చట. ఫొడెరా పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చే బేస్ వాద్యకారుడు విక్టర్ వూటెన్ చేతిలో ఏళ్ల తరబడి ఉన్నది 1983 నాటి ఫొడెరా మోనార్క్. దానికి నాలుగే తీగలు.

కొనే ముందు ఒక జాగ్రత్త. 'సిక్స్ స్ట్రింగ్ బేస్' అని వెతికితే ఫెండర్ బేస్ సిక్స్ కూడా కనిపిస్తుంది. దాని చౌక రూపాన్ని ఫెండర్‌దే అయిన స్క్వయర్ అమ్ముతుంది. 1961లో వచ్చిన ఆ వాద్యం స్కేల్ 30 అంగుళాలే. మామూలు గిటార్ శ్రుతినే ఒక స్థాయి కిందికి దించి వాయిస్తారు, తీగలు దగ్గర దగ్గరగా ఉంటాయి. తనంతట తాను ముచ్చటైన వాద్యమే, కానీ మనం మాట్లాడుకుంటున్నది అది కాదు. మన వాద్యం శ్రుతి కింది నుంచి బీ, ఈ, ఏ, డీ, జీ, సీ (B, E, A, D, G, C). నాలుగు తీగల బేస్‌కి కింద ఒక బీ, పైన ఒక సీ చేరతాయి.

లోటు కిందనా, పైనా?

ఈ ఒక్క ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

మన దగ్గర బేస్ వాయించేవాళ్లలో ఎక్కువమంది చర్చి బృందాల్లో, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో, కాలేజీ బ్యాండ్లలో, సినిమా పాటల కవర్ బ్యాండ్లలో ఉంటారు. వీళ్లకి ఎదురయ్యే ఇబ్బంది దాదాపు ఎప్పుడూ కిందనే. ఇప్పటి సినిమా పాటల్లో బేస్ చాలాసార్లు సింథ్‌లో చేసినది. అది ఈ (E) తీగ కిందికి, డీ దాకా, సీ దాకా దర్జాగా దిగిపోతుంది. నాలుగు తీగల మీద ఆ స్వరాన్ని ఒక స్థాయి పైకెత్తి వాయిస్తే పాట అడుగు ఊడినట్టు వినిపిస్తుంది. ఇక వేదిక మీద పాడే అమ్మాయి "అన్నా, ఒక మెట్టు తగ్గిద్దాం, గొంతు బాగాలేదు" అందనుకోండి. కీబోర్డ్ వాడు ఒక బటన్ నొక్కి హాయిగా కూర్చుంటాడు. ఈ (E) శ్రుతిలో ఉన్న పాట డీకి దిగేసరికి మీ కింది స్వరమే మాయమవుతుంది. లో బీ ఉంటే చెయ్యి కాస్త జరిపి అదే పాట వాయించేస్తారు. దీనికి అయిదు తీగల బేస్ చాలు. హై సీ అక్కడ అలంకారమే.

హై సీ ఎవరికి కావాలి? బేస్ మీద కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పట్టేవాళ్లకి, స్వరమాధుర్యం వాయించేవాళ్లకి, ఒంటరిగా కూర్చుని పాట మొత్తం వినిపించాలనుకునేవాళ్లకి. ఒక ఉదాహరణ చూడండి. సీ మేజర్ కార్డ్‌ని విడదీసి పట్టుకోవాలి. ఏ (A) తీగ మూడో ఫ్రెట్ (మెడ మీది లోహపు గీత) మీద సీ ఉంది. దానికి పైన పదో స్వరం ఈ (E), జీ తీగ మీద తొమ్మిదో ఫ్రెట్‌లో దొరుకుతుంది. చెయ్యి సాగదు, కాబట్టి ఖాళీ తీగలతోనో గెంతుళ్లతోనో సర్దుకుంటారు. అదే హై సీ తీగ ఉంటే ఆ ఈ (E) స్వరం నాలుగో ఫ్రెట్‌లోనే ఉంది. మధ్యలో డీ తీగ అయిదో ఫ్రెట్ మీద జీ. మూడు వేళ్లు, మూడు ఫ్రెట్ల లోపు నిండైన కార్డ్. ఈ సుఖం ఒకసారి మరిగినవాడు వెనక్కి రాడు. రోజూ ఇలాంటివి వాయించే అలవాటు మీకుంటే ఆరు తీగలు మీకు న్యాయంగానే కావాలి.

ఏదీ కొనకుండా పరీక్షించుకునే దారులూ ఉన్నాయి. ఇంట్లో పాత నాలుగు తీగల బేస్ ఉంటే, అయిదు తీగల సెట్టు కొని, అందులో జీ పక్కన పెట్టి, బీ-ఈ-ఏ-డీగా ఎక్కించండి. బీ తీగ మందం సాధారణంగా 130, అంటే అంగుళంలో వెయ్యో వంతులు 130. మామూలు ఈ (E) తీగ 105. కాబట్టి నట్ (మెడ చివర తీగలు కూర్చునే చిన్న పలక) గాడిని కాస్త ఆకురాయితో వెడల్పు చేయాల్సి వస్తుంది. మంచి వాద్యం మీద ఈ పని పెట్టుకోవద్దు. పై తీగ పరీక్షకైతే ఏ-డీ-జీ-సీ వేయండి. బేస్ వాద్యకారుడు స్టాన్లీ క్లార్క్ టెనర్ బేస్ శ్రుతి అదే. సన్న తీగలు గాడిలో కాస్త వదులుగా కూర్చుంటాయి గానీ, మీకు ఆ పై స్వరాలతో పని పడుతుందా లేదా అన్నది తేలిపోతుంది. అయిదు తీగల బేస్ ఉన్నవాళ్లు బీ తీసేసి ఈ-ఏ-డీ-జీ-సీ చేసుకోవచ్చు. నాకైతే ఈ దారి అందరికంటే ఎక్కువ నచ్చుతుంది. కార్డ్‌లు కావాలి, చర్చిలో లో బీ అక్కర్లేదు అనేవాళ్లకి ఇక్కడితో కథ ముగిసిపోవచ్చు.

పదింతల డబ్బుకి ఏం వస్తుంది

ఫొడెరాని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. చేతిలోకి తీసుకోగానే తేడా తెలుస్తుంది. ఫ్రెట్ అంచులు అరచేతికి తగలవు. ఆరు తీగల బిగువంతా లాగుతున్నా నెక్ (మెడ) కదలకుండా ఉంటుంది. ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కినా శబ్దం ఒకే మోతాదులో వస్తుంది. చౌక వాద్యాల్లో కొన్ని చోట్ల స్వరం చటుక్కున చచ్చిపోతుంది, ముఖ్యంగా జీ తీగ మీద అయిదు, ఏడు ఫ్రెట్ల మధ్య. మంచి చేతిపనిలో ఇది బాగా తగ్గుతుంది. ప్రీ-యాంప్ (బేస్ లోపల శబ్దాన్ని సరిదిద్దే సర్క్యూట్) రొద చేయదు. మీ చేతికి తగిన ఎడం, మీ భుజానికి తగిన బరువు అడిగి చేయించుకోవచ్చు. అమ్ముకోవాల్సి వస్తే గిరాకీ ఉంటుంది, అయితే ఆ గిరాకీ అమెరికాలో, యూరప్‌లో, జపాన్‌లో. విజయవాడలో అంత ధర పెట్టి కొనేవాడు దొరకడం గగనం.

లో బీ విషయంలో మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ తీగ మూల కంపనం సెకనుకి 31 సార్లు, కచ్చితంగా చెప్పాలంటే 30.87 హెర్ట్జ్. ఈ (E) తీగది 41.2. ఇళ్లల్లో, చిన్న హాళ్లల్లో వాడే పది అంగుళాల స్పీకరున్న బేస్ యాంప్‌లు 40, 50 హెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేస్తాయి. మనం బీ అని వింటున్నది చాలావరకు దాని రెండో అంశాన్ని (హార్మోనిక్‌ని), అంటే 62 హెర్ట్జ్‌ని, ఆ పైవాటిని. చెవి వాటి నుంచి మూల స్వరాన్ని ఊహించుకుంటుంది. కాబట్టి ఖరీదైన వాద్యంలో లో బీ గొప్పతనం దాని లోతులో ఉండదు. పై అంశాలు స్పష్టంగా, శ్రుతి తప్పకుండా రావడంలో ఉంటుంది. చిన్న యాంప్ పెట్టుకుని లక్షలకి లక్షలు వాద్యానికి పోయడం, రంధ్రం పడ్డ బిందెలోకి గంగాజలం పోసినట్టే. మీ దగ్గర మంచి కేబినెట్ (స్పీకర్ పెట్టె) లేకపోతే ముందు అది కొనండి. నాలుగు తీగల బేస్ కూడా అప్పుడు కొత్తదానిలా మోగుతుంది.

కొలతలే అసలు సంగతి

స్కేల్ పొడవు మామూలుగా 34 అంగుళాలు. ఒకే మందమున్న తీగని ఒకే శ్రుతికి లాగినప్పుడు బిగువు పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 35 అంగుళాలకి వెళ్తే దాదాపు 6 శాతం, 36కి వెళ్తే 12 శాతం ఎక్కువ. లో బీ వదులుగా ఊగిసలాడకుండా ఉండాలంటే ఆ బిగువు మేలు చేస్తుంది. అయితే హై సీ కూడా అంతే బిగుసుకుంటుంది, ఎడమ చెయ్యి మొదటి ఫ్రెట్ దాకా ఇంకా సాగాలి. పొట్టి చేతులవాళ్లకి 36 అంగుళాలు రోజూ శిక్షే. ఈ ఇబ్బందికి ఇంకో పరిష్కారం ఫ్రెట్లు ఏటవాలుగా ఉండే మల్టీస్కేల్. బీ వైపు పొడవెక్కువ, సీ వైపు తక్కువ. కెనడా సంస్థ డింగ్‌వాల్ దీనికి పేరు మోసింది. ఐబనేజ్ ఎస్ఆర్ఎంఎస్ 806 ఆ బాటలో చౌకగా వచ్చిన ఆరు తీగలది. చూడడానికి వింతగా ఉన్నా వేళ్లకి త్వరగానే అలవాటవుతుంది.

ఎడం ఇంకా ముఖ్యం. నాలుగు తీగల బేస్‌లో బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) దగ్గర తీగకీ తీగకీ మధ్య సాధారణంగా 19 మిల్లీమీటర్లు. ఆరు తీగలకీ అదే ఎడం పెడితే బీ నుంచి సీ దాకా 95 మిల్లీమీటర్లు వస్తుంది, నెక్ పలకలా అవుతుంది. 16.5 పెడితే 82.5తో సరిపోతుంది. బొటనవేలితో తీగని కొట్టి వాయించేవాళ్లకి, అంటే స్లాప్ చేసేవాళ్లకి, వెడల్పు కావాలి, లేకపోతే వేలు రెండు తీగల మధ్య ఇరుక్కుంటుంది. వేళ్లతో మీటేవాళ్లు, కార్డ్‌లు పట్టేవాళ్లు ఇరుకులోనే సుఖపడతారు. దుకాణంలో బ్రిడ్జ్ దగ్గర మొదటి తీగ నడిమి నుంచి చివరి తీగ నడిమికి స్కేలుతో కొలిచి అయిదుతో భాగించండి. వెబ్‌సైట్లలో రాసినదాన్ని నమ్ముకోవడం కంటే ఇది నయం.

బరువు నాలుగు నుంచి అయిదు కిలోలు. హెడ్‌స్టాక్ మీద ఆరు ట్యూనర్లు ఉంటాయి కాబట్టి తల నేలకి వాలే గుణం కొన్నింటికి ఉంటుంది. మూడు గంటల ఆరాధనలో ఎడమ చేత్తో నెక్‌ని మోస్తూ వాయించడం ఎంత నరకమో భుజాన్ని అడగండి. బెల్టు తగిలించుకుని, రెండు చేతులూ వదిలేసి చూస్తే దుకాణంలోనే తెలిసిపోతుంది.

చౌక వరుసలో ఎవరెవరు

ఐబనేజ్ ఎస్ఆర్ 506ఈ: 34 అంగుళాల స్కేల్, నట్ దగ్గర 54 మిల్లీమీటర్ల వెడల్పు, బార్టొలీని బీహెచ్2 పికప్‌లు (తీగల కంపనాన్ని పట్టేవి). నెక్ పలచన, బాడీ చిన్నది. నాలుగు తీగల నుంచి వచ్చేవాడికి అన్నిటికంటే తక్కువ కంగారు పెట్టేది ఇదే. ఎడం ఇరుకు, అది దాని బలమూ బలహీనతా. స్లాప్ మీ ప్రాణమైతే ఇది వద్దు. లో బీ ఫొడెరాలా పలకదు, కానీ కొత్త తీగలు వేసి సెటప్ చేయిస్తే చర్చికీ, వేదికకీ, రికార్డింగ్‌కీ ఏ లోటూ చేయదు. ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే.

అదే సంస్థ బీటీబీ వరుస ఇంకో స్వభావం. తీగల మధ్య ఎడం ఎక్కువ, బరువు ఎక్కువ, ధరా ఎక్కువ. ఫొడెరా మీద మనసున్నవాడికి ఆ వెడల్పు పట్టు ఎలా ఉంటుందో చూపించే నమూనా ఇది.

ఇఎస్‌పీ ఎల్‌టీడీ బీ-206ఎస్ఎం స్కేల్ 35 అంగుళాలు, పైన మచ్చల మేపుల్ పలక, చూడడానికి ఖరీదైనదిగా కనిపిస్తుంది. ధర ఎస్ఆర్ 506ఈ కంటే తక్కువగానే ఉంటూ వచ్చింది. లో బీ ముఖ్యమనుకుంటే చేతిలోకి తీసుకుని చూడాల్సిందే. బేస్ వాద్యకారుడు మార్కస్ మిల్లర్‌తో కలిసి సైర్ సంస్థ తెచ్చిన ఎం7కి ఆరు తీగల రూపం ఉంది. ధరకి మించిన ఫ్రెట్ పని సైర్‌కి పేరు తెచ్చింది. జర్మన్ వార్విక్ చైనాలో చేయించే రాక్‌బేస్ వరుసలోనూ ఆరు తీగలవి వచ్చాయి.

వాడినవాటిలో నా కన్ను ఎప్పుడూ యమహా టీఆర్‌బీ మీదే. 35 అంగుళాల టీఆర్‌బీ 1006, అంతకు ముందు వచ్చిన టీఆర్‌బీ-6 రెండూ గట్టి పనితనం. బేస్ వాద్యకారుడు జాన్ పటిటుచీ పేరు మీద యమహా చేసిన ఆరు తీగల బేస్ ఈ కుటుంబంలోదే. మంచి స్థితిలో దొరికితే కొత్త చౌక వాద్యాలన్నిటినీ పక్కన పెట్టి ఇది తీసుకోమంటాను.

మధ్య మెట్టు కూడా ఉంది. డ్రీమ్ థియేటర్ అనే రాక్ బృందం బేసిస్ట్ జాన్ మ్యుంగ్ వాయించే మ్యూజిక్ మ్యాన్ బాంగో 6 అమెరికాలో తయారవుతుంది, ధర ఫొడెరా కంటే చాలా తక్కువ. ఆకారం నచ్చనివాళ్లు బాగా ఎక్కువ. వాయించడానికి మాత్రం వంక పెట్టలేం.

ఇక్కడ కొనేవాళ్లకి

అక్కడి ధరని రూపాయల్లోకి మార్చేసి సంబరపడిపోవద్దు. కస్టమ్స్ సుంకం, దాని మీద ఐజీఎస్టీ, కొరియర్, బీమా అన్నీ కలిపితే మూడో వంతుకి పైగా అదనం పడుతుందనుకుని లెక్క వేసుకోండి. ఫొడెరా విషయంలో ఆ అదనమే రెండు మూడు చౌక వాద్యాల ధర. హైదరాబాద్ దుకాణాల్లో ఆరు తీగల బేస్ గోడకి వేలాడుతూ కనిపించడం అరుదు. ఎక్కువసార్లు ఆర్డర్ మీద తెప్పిస్తారు. అందుకే తిరిగి ఇచ్చే షరతులు కాగితం మీద చూసుకున్నాకే డబ్బు కట్టండి. చెన్నై, బెంగళూరు, ముంబై వెళ్లే పని ఉంటే ముందే ఫోన్ చేసి, ఏ మోడల్ సిద్ధంగా ఉందో కనుక్కుని వెళ్లండి.

అమెరికాలోని బంధువు చేత తెప్పించుకునేటప్పుడు కలప గురించి ఒక్క మాట. అడవి జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం కిందికి 2017లో రోజ్‌వుడ్ జాతులన్నీ వచ్చాయి, 2019లో తయారైన సంగీత వాద్యాలకి సడలింపు వచ్చింది. కానీ బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి ఆ సడలింపు లేదు. పాత ఖరీదైన వాద్యం కొంటుంటే ఫ్రెట్‌బోర్డ్ ఏ కలపో అడిగి రాయించుకోండి.

తీగల ఖర్చు మర్చిపోవద్దు. ఆరు తీగల సెట్టు నాలుగు తీగలదాని కంటే బాగా ఎక్కువ, ఊళ్లలో ఎప్పుడూ దొరకదు. రెండు సెట్లు ఇంట్లో ఉంచుకోవాలి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో తీగలు త్వరగా చప్పబడతాయి. వానాకాలానికీ ఎండాకాలానికీ నెక్ వంపు మారుతుంది, ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) సరిచేసే మనిషి దగ్గరలో ఉండాలి. యాక్టివ్ బేస్‌లో (లోపల ప్రీ-యాంప్ ఉన్నదానిలో) సాధారణంగా 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కేబుల్ గుచ్చి వదిలేస్తుంటే అది వృథాగా ఖర్చయిపోయి, ఏదో ఆదివారం పొద్దున పాటల మధ్యలో మొరాయిస్తుంది.

ఇక ఎంపిక. కింది స్వరాలే లోటైతే అయిదు తీగలు కొని మిగిలిన డబ్బు స్పీకర్‌లో పెట్టండి. కార్డ్‌లు, సోలోలు మీ దారైతే, చెయ్యి చిన్నదైతే ఎస్ఆర్ 506ఈ. స్లాప్ చేస్తే బీటీబీ. వెతికే ఓపిక ఉంటే వాడిన టీఆర్‌బీ. ఏడాది తర్వాత కూడా ఆ చౌక వాద్యాన్ని వారానికి నాలుగు రోజులు తీస్తుంటే, దాని ఎడం ఎన్ని మిల్లీమీటర్లుంటే బాగుండేదో మీ నోట వస్తే, అప్పుడు ఫొడెరాకి ఉత్తరం రాయండి. ఆ వేళకి మీరు అడిగేది వాళ్లకీ అర్థమవుతుంది. అప్పు చేసి మాత్రం వద్దు. వాయిదాలు కట్టడానికి ప్రతి పెళ్లి ప్రోగ్రామూ ఒప్పుకుంటే ఇంట్లో కూర్చుని సాధన చేసే రోజులుండవు.

దుకాణంలో ఏ ధరదైనా సరే, ఈ ఒక్క పరీక్ష చేయకుండా బయటికి రాకండి. బీ తీగ అయిదో ఫ్రెట్ మీద ఈ (E) నొక్కి మీటండి. వెంటనే పక్కనున్న ఈ (E) తీగని ఖాళీగా మీటండి. రెండూ ఒకే స్వరం. మొదటిది మసకగా, రెండోది శుభ్రంగా వినిపిస్తే ముందు ఆ వాద్యానికి కొత్త తీగలు వేయించి మళ్లీ వినిపించమనండి. అప్పటికీ మారకపోతే పక్కనున్న ఇంకో వాద్యం తీసుకోండి, అది దానికంటే చౌకదైనా సరే.